తాబేలుకి పెరట్లో చెరువు: గట్టు నుంచి మొదలుపెట్టండి

పెరట్లో తాబేలు కోసం గుంట తవ్వాలనుకున్న చాలామంది ముందు నీళ్ల గురించే ఆలోచిస్తారు. ఎంత లోతుండాలి, ఎన్ని లీటర్లు పట్టాలి, నీళ్లు తేటగా ఉండాలంటే ఏ ఫిల్టర్ పెట్టాలి అని. అవన్నీ కావలసినవే. కానీ తాబేలు చేప కాదు. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, ఒంటికి వేడి కావాలంటే ఎండలోకి వస్తుంది, గుడ్లు మట్టిలో పెడుతుంది. ఈదడానికీ తినడానికీ దాక్కోవడానికీ నీళ్లు. మిగతా బతుకంతా గట్టు మీదే. నున్నటి టైల్స్ వేసిన నిలువు గోడల తొట్టిలో పైకెక్కే దారి లేక, రోజంతా ఈదీ ఈదీ ఒక మూల ముక్కు పైకెత్తి తేలుతూ ఉండిపోయే తాబేళ్లను చూశాను. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. ఆ తొట్లు కట్టినవాళ్లకి ప్రేమ లేక కాదు. చేపల తొట్టి కట్టి అందులో తాబేలుని వదిలారు, అంతే. అందుకే ఈ పనంతా గట్టు మీద నిలబడి చెబుతాను.

ముందు మీ దగ్గరున్నది ఏ తాబేలో తేల్చుకోండి

తెలుగులో మనకి అన్నీ తాబేళ్లే. నీళ్లలో ఉండేదీ తాబేలే, మెట్ట మీద తిరిగేదీ తాబేలే. గుంట తవ్వే ముందు ఆ తేడా తేలాలి, ఎందుకంటే మెట్ట తాబేలుకి ఈత రాదు. లోతు నీళ్లలో పడితే మునిగి చచ్చిపోతుంది. కాళ్లు చూడండి. వేళ్ల మధ్య పల్చటి చర్మం ఉండి, డిప్ప కాస్త చదునుగా ఉంటే అది నీటి తాబేలు. కాళ్లు ఏనుగు కాళ్లలా మొద్దుగా ఉండి, డిప్ప బోర్లించిన గిన్నెలా ఎత్తుగా ఉంటే మెట్ట తాబేలు. దానికి చెరువు అక్కర్లేదు, సులువుగా దిగి ఎక్కగలిగే నీళ్ల పళ్లెం చాలు.

పెంపుడు నీటి తాబేళ్లలో ఎక్కువగా కనబడేది రెడ్ ఇయర్డ్ స్లైడర్. కంటి వెనకాల ఎర్రటి చార ఉంటుంది కాబట్టి ఇట్టే గుర్తుపట్టవచ్చు. కొన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోయే పిల్ల. పెద్దదయ్యాక ఆడదాని డిప్ప 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మగది దానికంటే చిన్నది. బాగా చూసుకుంటే 20 నుంచి 40 ఏళ్లు బతుకుతుంది. కాబట్టి చెరువు కొలతలు ఇప్పుడున్న పిల్లని చూసి వేయకండి, అది కాబోయే పెద్ద తాబేలుని ఊహించుకుని వేయండి. డిప్ప కనీసం 10 సెంటీమీటర్లు దాటేదాకా పిల్లల్ని ఇంట్లోనే పెంచడం మంచిది. బయట కాకి ముక్కుకి అవి చాలా తేలిక.

చట్టం సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి, గుంట తవ్వాక కాదు. చాలా దేశాల్లో స్థానిక జాతుల తాబేళ్లను పట్టుకోవడం, పెంచడం నేరం. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎన్నో స్థానిక తాబేలు జాతులకి రక్షణ ఇస్తుంది. యూరోపియన్ యూనియన్ 2016లో స్లైడర్‌ను దురాక్రమణ జాతుల జాబితాలో పెట్టి అమ్మకం, పెంపకం మీద ఆంక్షలు విధించింది. అమెరికాలో డిప్ప 4 అంగుళాలకంటే చిన్నదైన తాబేళ్లను పెంపకానికి అమ్మడం 1975 నుంచీ నిషిద్ధం. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని సాల్మొనెల్లా జబ్బు తెచ్చుకుంటుండటం దానికి కారణం. కాలువలోనో పొలంలోనో కనబడిన తాబేలుని మాత్రం ఎక్కడైనా సరే ఇంటికి తేవద్దు.

ఎండ నడకని బట్టి చోటు

ఒక సెలవు రోజు పెరట్లో కూర్చోండి. పొద్దున ఎనిమిదికి, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకి ఎండ ఎక్కడ పడుతుందో, నీడ ఎక్కడికి జరుగుతుందో పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకోండి. పొద్దుటి ఎండ కనీసం నాలుగైదు గంటలు నేరుగా పడే చోటు కావాలి. రాత్రి చల్లబడిన ఒంటితో తాబేలు మొదట వెతుక్కునేది ఆ ఎండనే. మధ్యాహ్నం దాటాక సగం నీళ్ల మీదైనా నీడ పడాలి. రోజంతా ఎండ కాచే చోట చిన్న గుంట వేసవిలో కాగుబెట్టిన గిన్నె అయిపోతుంది.

చెట్టు కింద వద్దు. వేళ్లు లైనర్‌ను, అంటే నీళ్లు ఇంకకుండా గుంటలో పరిచే రబ్బరు షీటుని, చీలుస్తాయి, రాలిన ఆకులు అడుగున కుళ్లుతాయి. పెరట్లో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటూ వద్దు. వాన పడితే పాదుల్లో చల్లిన ఎరువూ పురుగుమందూ అన్నీ కొట్టుకుని అక్కడికే వస్తాయి. నేల కింద నీటి పైపులు, కరెంటు తీగలు పోతున్నాయేమో కనుక్కోండి. మీరు రోజూ ఎక్కువసేపు ఉండే గది కిటికీలోంచి కనబడే చోటైతే ఇంకా మంచిది. రోజూ కంటబడే తాబేలుకి జబ్బు చేస్తే మొదటిరోజే తెలుస్తుంది.

కొలతలు: జానెడు, మూరెడు, రెండు మూరలు

డిప్ప పొడవు ప్రతి అంగుళానికీ సుమారు 40 లీటర్లు అని పెంపకందార్లలో ఒక లెక్క ఉంది. ఆ లెక్కన 28 సెంటీమీటర్ల తాబేలు ఒక్కదానికి 440 లీటర్లు వస్తుంది. అది గాజు తొట్టికి చెప్పే కనీసం. బయట అంత చిన్న నీళ్లు పొద్దున చల్లబడి మధ్యాహ్నానికి వేడెక్కిపోతాయి, తాబేలుకి కుదురు ఉండదు. రెండు పెద్ద తాబేళ్లకి 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గుంట పెట్టుకోండి. సగటు లోతు అర మీటరు అనుకుంటే 3ని 2తో, దాన్ని 0.5తో గుణిస్తే 3 ఘనపు మీటర్లు, అంటే 3,000 లీటర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, ఫిల్టర్ కొనేటప్పుడు మళ్లీ కావాలి.

లోతు మూడు అంతస్తులుగా ఉండాలి. మొదటిది జానెడు లోతు మెట్టు, సుమారు 20 సెంటీమీటర్లు. అక్కడ తాబేలు అడుగున కాళ్లు ఆనించి, మెడ చాపితే ముక్కు పైకి తేలుతుంది. నీరసంగా ఉన్న తాబేలు, ముసలి తాబేలు విశ్రాంతి తీసుకునేది ఇక్కడే. రెండోది మూరెడు లోతు, 45 సెంటీమీటర్లు, తిండికీ తిరుగుడికీ. మూడోది రెండు మూరలు, అంటే 90 సెంటీమీటర్ల గొయ్యి. ఎండలు మండే చోట అడుగున చల్లదనం నిలిచేది దీనిలోనే. శీతకాలం నీళ్లు గడ్డకట్టే చోటైతే ఈ గొయ్యి ఇంకా లోతుగా ఉండాలి, మంచు అడుగుదాకా దిగకూడదు.

పలుగూ పారా పట్టే ముందు లావుపాటి తాడుని నేల మీద చెరువు ఆకారంలో పరిచి రెండు రోజులు అలాగే వదిలేయండి. చుట్టూ నడవండి. నీళ్ల గొట్టం ఎటునుంచి వస్తుంది, శుభ్రం చేసేటప్పుడు మీరెక్కడ కూర్చుంటారు అని చూసుకోండి. గట్టుకీ కంచెకీ కూడా చోటు కావాలి. నీళ్లకి ఎంత జాగా ఇస్తున్నారో గట్టుకీ కనీసం అంత ఇవ్వండి. ఈ ఒక్కచోట పిసినారితనం చేస్తే తర్వాత దిద్దుకోవడం కష్టం.

తవ్వకం

పైన జానెడు మందాన ఉండే మెత్తటి మట్టిని వేరే కుప్పగా పోయండి. గుడ్ల దిబ్బకి అది పనికొస్తుంది. ముందు మొత్తం ఆకారాన్ని జానెడు లోతుకి తవ్వి, మెట్టు వదిలి, లోపలి భాగాన్ని మూరెడుకి, చివర గొయ్యిని రెండు మూరలకి దించండి. మూడువైపులా గోడలు కొంచెం వాలుగా ఉంటే చాలు. నాలుగోవైపు మాత్రం తాబేలు నడిచి బయటికి రావలసిన దారి. అక్కడ ఒక అడుగు దిగడానికి కనీసం రెండు అడుగులు ముందుకు సాగే వాలు ఇవ్వండి.

అంచు మట్టం సరిగ్గా ఉండాలి. మేస్త్రులు వాడే నీళ్ల గొట్టంతో, అంటే పారదర్శకమైన సన్నటి ట్యూబులో నీళ్లు నింపి, చుట్టూ నాలుగైదు చోట్ల చూసుకోండి. ఒకవైపు రెండు వేళ్లు దిగినా నీళ్లు నింపాక ఆ పక్క పొర్లుతుంది, ఎదుటి పక్క లైనర్ ఎండకి బయటపడుతుంది. చుట్టుపక్కల నేల కంటే అంచు బెత్తెడు ఎత్తుగా ఉంచితే వాన మురుగు లోపలికి రాదు.

ఊరి చెరువుకి అలుగు ఎలాగో దీనికీ అలాగే. అంచుకి నాలుగు వేళ్ల కింద ఒక పైపు పెట్టి, మిగులు నీళ్లు పాదుల్లోకి పోయేలా చూడండి. పైపు నోటికి జాలీ బిగించండి. పెద్ద వానకి నీళ్లు అంచుదాకా నిండితే తాబేలుకి ఎక్కే శ్రమ కూడా ఉండదు, నీళ్లతోపాటే బయటికి ఈదుకుంటూ పోతుంది.

లైనరా, సిమెంటా

చిన్న పెరడుకి, మొదటిసారి చేస్తున్నవాళ్లకి నేను లైనరే చెబుతాను. ఈపీడీఎమ్ రబ్బరు షీటు, మందం 1 మిల్లీమీటరు లేదా పైన, చేపలకి హాని లేదని స్పష్టంగా రాసి ఉన్నది తీసుకోండి. పైకప్పులకి వేసే రబ్బరు చూడటానికి ఒకేలా ఉన్నా అందులో మందులు కలిపి ఉండవచ్చు. కొలత ఇలా వేయండి: పొడవుకి లోతుని రెండుసార్లు కలపండి, అంచుల మీద పరవడానికి రెండువైపులా 30 సెంటీమీటర్ల చొప్పున కలపండి. మన గుంటకి పొడవు 3 మీటర్లు, దానికి 1.8, ఇంకో 0.6 కలిపితే 5.4 మీటర్లు. వెడల్పు అలాగే లెక్క వేస్తే 4.4 మీటర్లు. వేసే ముందు గుంటలో రాళ్లూ వేళ్ల మొదళ్లూ ఏరేసి, రెండంగుళాల మందాన ఇసుక పరిచి, పైన పాత తివాచీ గానీ జియోటెక్స్‌టైల్ గుడ్డ గానీ వేయండి. షీటు ఎండలో కాసేపు పరిచి ఉంచితే మెత్తబడి మడతలు తేలిగ్గా సర్దుకుంటాయి. అంచుని వెంటనే కత్తిరించకండి. నీళ్లు నిండాక బరువుకి షీటు ఇంకా దిగుతుంది.

సిమెంటు గుంట ఎక్కువకాలం మన్నుతుంది, ఏ ఆకారమైనా వస్తుంది, అడుగున మురుగు పైపు పెట్టుకోవచ్చు. దానితో వచ్చే చిక్కు సున్నం. కొత్త సిమెంటు నుంచి సున్నం ఊరి నీళ్ల పీహెచ్ బాగా పెరిగిపోతుంది, తాబేలు కళ్లూ చర్మమూ మండుతాయి. తడి ఆరగానే తాబేలుని వదలాలన్న తొందర నాకు తెలుసు. ఆగండి. క్యూరింగ్ అయ్యాక నీళ్లు నింపి నాలుగైదు రోజులుంచి పారబోయండి. మూడు నాలుగుసార్లు ఇలా చేయండి, మధ్యలో ఒకసారి గోడలని పల్చటి వెనిగర్ నీళ్లతో రుద్ది కడగండి. పీహెచ్ కాగితం పెట్టి చూస్తే 6.5కీ 8కీ మధ్య వరసగా కొన్ని రోజులు నిలబడాలి. అప్పుడే అది తాబేలుకి ఇల్లు. లోపలి పూత నున్నగా ఉండాలి. ఉప్పుకాగితంలా గరుకుగా వదిలేస్తే తాబేలు పొట్టకింది డిప్ప అరిగి, అక్కడ పుండు పడుతుంది.

బజారులో దొరికే రెడీమేడ్ ప్లాస్టిక్ తొట్లు ఎక్కువభాగం చాలా చిన్నవి, గోడలు జారుడువి. పిల్లలు పెరిగేదాకా తాత్కాలికంగా పనికొస్తాయి.

గట్టు

ఇక అసలు పని. నీళ్లలోంచి పైకొచ్చే వాలు మీద కాలు జారకూడదు. తడి రబ్బరు మీద తాబేలు గోళ్లు నిలవవు, కాబట్టి లైనర్ మీద చదునైన రాళ్లు పేర్చి కొంచెం సిమెంటుతో కదలకుండా అతకండి, లేదా కొబ్బరి పీచు చాపలాంటిది బిగించండి. రాళ్ల అంచులు పదునుగా ఉండకూడదు. ఏ రాయీ తాబేలు తలకంటే చిన్నది కాకూడదు, ఎందుకంటే నోట్లో పట్టే గులకరాళ్లను అవి మింగేస్తాయి, పేగుల్లో అడ్డం పడతాయి. రాళ్ల మధ్య సందు కూడా చూడండి. తాబేలు దూరి, వెనక్కి రాలేక, నీళ్ల కింద ఇరుక్కుంటే ఊపిరాడక పోతుంది. సందు ఉంటే పూర్తిగా మూసేయండి, లేకపోతే తాబేలు సులువుగా తిరిగి వచ్చేంత వెడల్పు చేయండి.

ఎండ కాచుకునే చోటు ఒకటి కాదు, కనీసం రెండు పెట్టండి. ఎన్ని తాబేళ్లున్నాయో అన్నీ ఒకేసారి ఎక్కినా చోటు మిగలాలి. లేకపోతే పెద్దది ఎక్కి కూర్చుంటుంది, చిన్నది ఎండ లేక నీళ్లలోనే ఉండిపోతుంది. దుంగ మంచిది: బెరడు ఉన్నది, రంగు గానీ మందు గానీ పూయనిది, ఒక కొన నీళ్లలో మునిగి రెండో కొన గట్టుకి కదలకుండా కట్టినది. ఆ చోటు ఉపరితలం 30 నుంచి 35 డిగ్రీల దాకా వేడెక్కితే చాలు. నీళ్లు 22 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే తాబేలు వేడికీ చల్లదనానికీ మధ్య తనకి కావలసింది తనే ఎంచుకుంటుంది.

ఒక విషయం చాలామందికి తట్టదు. అలికిడి వినబడగానే తాబేలు ఎక్కిన దారిన దిగదు, పక్కకి దూకేస్తుంది. కాబట్టి దుంగ పక్కన నీళ్లు లోతుగా ఉండాలి. దుంగ కింద రాళ్ల మెట్టు ఉంటే దూకిన ప్రతిసారీ డిప్పకి దెబ్బే. ఎక్కే వైపు వాలు, దూకే వైపు గొయ్యి. ఈ అమరిక కుదిరిందంటే మీ తాబేలు భయం లేకుండా గంటల తరబడి కాళ్లు బారచాపి పడుకోవడం చూస్తారు.

ఎండ ఎందుకు ఇంత ముఖ్యమంటే, అందులోని యూవీబీ కిరణాలతోనే తాబేలు ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. అది లేకుంటే తిన్న కాల్షియం ఎముకకి చేరదు, డిప్ప మెత్తబడి వంకర పోతుంది. మామూలు గాజూ చాలా రకాల ప్లాస్టిక్ షీట్లూ ఈ కిరణాలను ఆపేస్తాయి. అందుకని చెరువు మీద పారదర్శకమైన పైకప్పు వేసి ఎండ వస్తోంది కదా అనుకోవద్దు. ఎండ కాచుకోవడంలో ఇంకో మేలుంది. డిప్ప పైనా కిందా పూర్తిగా ఆరితే బూజూ పుండ్లూ పట్టవు.

గుడ్ల దిబ్బ. మగ తాబేలు లేకపోయినా పెద్దయిన ఆడ తాబేలు గుడ్లు పెట్టవచ్చు. అవి సాధారణంగా పిల్లలు కావు గానీ, పెట్టే చోటు దొరక్కపోతే గుడ్లు కడుపులోనే ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లకి కాస్త దూరంగా, ఎండ పడే వైపు, మీటరు పొడవూ మీటరు వెడల్పూ, అడుగు పైన లోతు ఉండేలా దిబ్బ పోయండి. ముందు దాచిన మెత్తటి మట్టి సగం, ఇసుక సగం. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అంత తడి ఎప్పుడూ ఉండేలా నీళ్లు చల్లుతుండండి, లేకపోతే తవ్విన గుంత కూలిపోతుంది. తాబేలు తిండి మానేసి, కుదురు లేకుండా కంచె వెంట తిరుగుతూ, వెనక కాళ్లతో అక్కడా ఇక్కడా గోకుతుంటే దాన్ని కదిలించకండి, దూరంగా ఉండండి. అలా రోజుల తరబడి తిరుగుతూ గుడ్లు పెట్టలేకపోయినా, నీరసపడినా, సరీసృపాలను చూసే పశువైద్యుడికి చూపించండి. ఎక్స్‌రేలో గుడ్లు కనబడతాయి.

కంచె

తాబేలు నిదానం అని కథల్లో విని పెరిగాం. కంచెలో సందు వెతకడంలో మాత్రం అది అలుపెరగదు. ఎత్తు 45 నుంచి 60 సెంటీమీటర్లు చాలు, కానీ అవతల ఏముందో కనబడకూడదు. జాలీ కంచె వేస్తే రెండు నష్టాలు. అవతలి పచ్చదనం కనబడుతుంది కాబట్టి రోజంతా ముక్కు రాసుకుంటూ అక్కడే తిరుగుతుంది. పైగా కన్నాల్లో గోళ్లు పెట్టి నిచ్చెన ఎక్కినట్టు ఎక్కేస్తుంది. ఇటుక గోడ, నున్నటి పలకలు, సిమెంటు రేకు ఏదైనా పర్లేదు. నేలలోకి అడుగు లోతు దించండి. పైన లోపలివైపుకి జానెడు చూరు వంచండి.

మూలలు జాగ్రత్త. రెండు గోడలు కలిసే చోట ఒక గోడకి వీపు ఆనించి, రెండో గోడ మీద గోళ్లతో ఎగబాకడం వాటికి తెలుసు. మూలలను గుండ్రంగా తిప్పండి, లేకపోతే మూల మీద పలక కప్పండి. మా ఆడ తాబేలు ఒకసారి కంచె పక్కన పెట్టిన పూలకుండీ ఎక్కి, అక్కడినుంచి గోడ దాటింది. మరునాటి సాయంత్రం పక్క దొడ్డిలో తడి ఆకుల కింద దొరికేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అప్పటినుంచి కంచెకి రెండడుగుల లోపల కుండీ, రాయి, దుంగ, బొంగు ఏదీ పెట్టం.

లోపలిది బయటికి పోకుండా ఎంతో, బయటిది లోపలికి రాకుండానూ అంతే. కుక్కకి తాబేలు నమిలే బొమ్మలా కనబడుతుంది, మీ ఇంటి కుక్క అయినా సరే. ఎలుకలూ కాకులూ కొంగలూ చిన్నవాటిని వదలవు. 15 సెంటీమీటర్లలోపు తాబేళ్లుంటే చెరువు మీద గట్టి వల బిగించండి. ఇంట్లో నడక నేర్చిన పసిపిల్లలుంటే వలతో సరిపెట్టకండి. చుట్టూ పిల్లలు ఎక్కలేని ఎత్తు కంచె, గడియ వేసే తలుపు ఉండాలి. రెండు మూరల నీళ్లు పసిబిడ్డకి ప్రాణాంతకం.

నీళ్లూ ఫిల్టరూ

తాబేలు చేపకంటే చాలా ఎక్కువ మురికి చేస్తుంది. తిండి చీల్చి తింటుంది, ముక్కలు వదిలేస్తుంది, నీళ్లలోనే విసర్జిస్తుంది. అందులోంచి పుట్టే అమ్మోనియా విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది కొంతవరకు పర్వాలేదు, మొక్కలు తినేస్తాయి. ఈ బ్యాక్టీరియా కాపురం పెట్టేది ఫిల్టర్‌లోని స్పాంజిలో, బయోబాల్స్ అనే కన్నాల ప్లాస్టిక్ బంతుల మీద. ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ మాత్రమే అనుకునేవాళ్లు దాన్ని కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడుగుతారు. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కి బ్యాక్టీరియా అంతా చచ్చి, రెండు రోజుల్లో చెరువు కంపు కొడుతుంది. స్పాంజిని చెరువు నీళ్లనే బకెట్లోకి తీసి, అందులో పిండి, మళ్లీ పెట్టేయండి.

ఫిల్టర్ మీద రాసే లీటర్ల లెక్క చేపల చెరువుకి. తాబేలుకి దాని రెట్టింపు తీసుకోండి. అంటే మన 3,000 లీటర్లకి 6,000 లీటర్ల ఫిల్టర్. పంపు గంటకి 1,500 నుంచి 3,000 లీటర్లు తిప్పాలి, అదీ మీ ఫిల్టర్ ఉన్న ఎత్తుకి నీళ్లు ఎక్కించాక వచ్చే లెక్క. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకె ఎత్తు లేనప్పటిది. పంపు చుట్టూ గట్టి జాలీ పెట్టె అమర్చండి. పీల్చే నోటికి తాబేలు కాలో మెడో అతుక్కుంటే విడిపించుకోలేదు. కరెంటు లైన్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, తప్పనిసరి, పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. చెరువులో చేయి పెట్టేముందు ప్రతిసారీ స్విచ్ కట్టేయండి.

కుళాయి నీళ్లతో నింపితే క్లోరిన్ పోవడానికి ఒకటి రెండు రోజులు వదిలేయండి. మీ నీళ్లలో క్లోరమైన్ కలుపుతుంటే అది అలా పోదు, డీక్లోరినేటర్ మందు వేయాలి. పంపు ఆన్ చేశాక బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎవరిదైనా ఆరోగ్యంగా ఉన్న చెరువు ఫిల్టర్ నుంచి ఒక స్పాంజి ముక్క తెచ్చి వేస్తే త్వరగా అవుతుంది. పరీక్ష కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా చూపించాలి. అప్పటిదాకా తాబేలు పాత తొట్టిలోనే ఉండనివ్వండి. తర్వాత వారానికి పదో వంతు నుంచి ఐదో వంతు నీళ్లు మారుస్తుండండి. తీసిన నీళ్లు పూల మొక్కలకి పోయండి, ఎరువుతో పనుండదు.

మొక్కలు, చేపలు, దోమలు

మొక్కలు వేస్తే తాబేలు తినేస్తుంది, అది మామూలే. నీళ్ల మీద తేలే చిట్టి ఆకుల డక్‌వీడ్‌ని వేరే టబ్బులో పెంచి అప్పుడప్పుడూ గుప్పెడు వేయండి. కలువలు ఉంచాలంటే కుండీలో నాటి, మట్టి మీద పెద్ద రాళ్లు కప్పండి, వేళ్లు మిగులుతాయి. గుర్రపుడెక్క నీళ్లను బాగా శుభ్రం చేస్తుంది గానీ ఒక్క తుంట కాలువలో పడినా ఆపలేం, చాలాచోట్ల నిషేధం కూడా. వద్దనే అంటాను. గట్టు మీద గన్నేరు, డంబ్‌కేన్ లాంటి విషపు మొక్కలు ఉండకూడదు.

నీళ్లు కదులుతుంటే దోమలు గుడ్లు పెట్టవు. కదలిక అందని మూలల్లో గప్పీ చేపలు దోమల లార్వాలను తినేస్తాయి. కొన్ని చేపలు తాబేలు నోట్లోకి పోతాయని ముందే అనుకోండి. దోమల మందు, నాచు మందు మాత్రం చెరువులో పోయకండి. నాచు విపరీతంగా పెరుగుతుంటే ఎండ ఎక్కువైందని, లేదా తిండి ఎక్కువ వేస్తున్నారని అర్థం. డిప్ప మీద పల్చటి నాచు హాని చేయదు, రుద్దక్కర్లేదు.

తాబేలుని దింపడం

వెచ్చటి రోజు పొద్దున్నే చేయండి. పాత తొట్టి నీళ్లకీ చెరువు నీళ్లకీ వేడిలో రెండు మూడు డిగ్రీలకంటే తేడా ఉండకూడదు. తాబేలుని నీళ్లలోకి జారవిడవకండి, గట్టు మీద వాలు దగ్గర పెట్టి వెనక్కి రండి. తనంతట తను దిగాలి, దిగిన దారిన మళ్లీ ఎక్కడం నేర్చుకోవాలి. మొదటి మూడు రోజులు ఎక్కుతోందా లేదా గమనించండి. ఎక్కలేక జారుతుంటే వాలు దిద్దండి, తాబేలుని కాదు. ఒకటి రెండు రోజులు తినకపోతే కంగారుపడక్కర్లేదు.

కొత్త తాబేలుని తెస్తే కనీసం నెల రోజులు, కుదిరితే మూడు నెలలు వేరుగా ఉంచి చూడండి. నీళ్లలో ఒక పక్కకి ఒరిగి తేలుతుంటే ఊపిరితిత్తుల జబ్బు అనుమానించాలి. కళ్లు వాచినా, డిప్ప మెత్తబడినా, డిప్ప మీద దుర్వాసనతో గుంటలు పడినా వైద్యుడికి చూపించాల్సిందే. ఒకే చెరువులో రెండు మగవాటిని పెడితే కొట్లాటే. మగది ఒకటి ఉంటే ఆడవి రెండు మూడు ఉండటం మేలు, లేకపోతే ఒక్కదాన్నే వెంటాడి కొరుకుతుంది.

తర్వాత

పెద్ద తాబేలుకి ఆకుకూరలూ నీటి మొక్కలూ ఎక్కువ, మాంసం తక్కువ ఉండాలి. పది పదిహేను నిమిషాల్లో తినేసేంతే వేసి, మిగిలింది వలతో తీసేయండి. నీటి తాబేళ్లు మింగాలంటే నీళ్లలోనే మింగాలి, కాబట్టి తిండి గట్టు మీద కాకుండా జానెడు లోతు మెట్టు దగ్గర వేయండి. చెరువులో చేయి పెట్టినా, తాబేలుని ముట్టినా సబ్బుతో చేతులు కడుక్కోండి. ఐదేళ్లలోపు పిల్లలను ముట్టనివ్వకపోవడమే మంచిది. తొట్టినీ ఫిల్టర్‌నీ వంటింటి సింకులో కడగవద్దు.

చలి ముదిరి నీళ్లు 15 డిగ్రీలకి దిగితే తిండి ఆపేయండి, అరగదు. ఇంకా చల్లబడితే ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలు అడుగున కదలకుండా గడుపుతుంది. పైన మంచు పొర కడితే గాలి ఆడటానికి ఒక చోట కరిగించి ఉంచాలి, సుత్తితో పగలగొట్టకూడదు. పిల్లల్నీ, ఆ ఏడాది జబ్బు పడ్డవాటినీ చలికాలం ఇంట్లోకి తెచ్చేయండి. వేసవిలో నీళ్లు 30 డిగ్రీలు దాటుతుంటే నీడ గుడ్డ కట్టి, చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా కలపండి. ఏడాదికి ఒకసారి, వాతావరణం హాయిగా ఉన్న రోజుల్లో, పూడిక తీయండి. అప్పుడు కూడా మూడో వంతు పాత నీళ్లు దాచి మళ్లీ పోయండి.

ఎప్పుడైనా పెంచడం కుదరని పరిస్థితి వస్తే చెరువులోనో నదిలోనో వదిలేయకండి. స్లైడర్ ప్రపంచంలోకెల్లా హానికరమైన 100 దురాక్రమణ జాతుల జాబితాలో ఉంది. స్థానిక తాబేళ్ల ఎండ చోటూ తిండీ లాక్కుని, వాటికి జబ్బులు అంటిస్తుంది. పెంచగలిగేవాళ్లకి గానీ జంతు సంరక్షణ కేంద్రానికి గానీ అప్పగించండి.

రోజూ సాయంత్రం తిండి వేసేటప్పుడు తలలు లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే ముందు పంపు కట్టేసి, నీళ్లలో రాళ్ల సందులూ దుంగ కిందా చేత్తో తడమండి. అక్కడ లేకపోతే గుడ్ల దిబ్బ చూడండి, తర్వాత కంచె వెంట లోపలా బయటా. దాటిందని తేలితే దగ్గర్లో ఉన్న తడి నీడలు, మురుగు కాలువలు, కట్టెల మోపుల కింద వెతకండి, ఇరుగుపొరుగుకి ఆ రాత్రే చెప్పండి. మర్నాడు పొద్దున ఎండ పొడవగానే మళ్లీ తిరగండి. ఒళ్లు కాచుకోవడానికి అది బయటికి వచ్చే వేళ అదే.